ఒళ్లు ఒప్పుకోవాలి

గ్దీనియా రేవు వెనక, చేపల డబ్బాల ఫ్యాక్టరీ పక్క సందులో
నా కొట్టు. ఒక కుర్చీ, ఒక దీపం,
పరికరాల్ని ఆవిరిలో ఉడికించే పెట్టె.
పంతొమ్మిదేళ్లుగా కుడుతున్నాను
చెవులు, ముక్కులు, నాలుకలు,
ఒకసారి చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దాయన బొడ్డు.

కుట్టేటప్పుడు ఎవరూ ఏడవరు.
ఏడుపులన్నీ మూడో వారంలో
తలుపు నెట్టుకుని వస్తాయి.

ఎర్రబడింది చూడు, కారుతోంది చూడు అంటారు.
చూస్తాను. పల్చగా తెల్లగా కారి, ఎండి పెచ్చు కడితే
అది మానుతున్న గాయం చెమట.
పచ్చగా, చిక్కగా, వేడిగా, వాసనేస్తూ వస్తే
నా కుర్చీలో కూర్చోకు, డాక్టరు దగ్గరికి నడువు.
రింగు మాత్రం నీ అంతట నువ్వు పీకెయ్యకు,
తలుపు మూసుకుంటే
చీము లోపలే కాపురం పెడుతుంది.

వెల్డర్ జెమోవిత్ నాలుకకి పొడుగు కడ్డీ వేశాను,
రొట్టెపిండిలా పొంగుతుంది, చోటుండాలని.
అద్దంలో బాగాలేదట,
ఆ రాత్రే ఎవరిదో పొట్టిది మార్చుకున్నాడు.
తెల్లారేసరికి గుండు మాంసంలో దిగబడింది,
బురదలో బండి చక్రంలా.
ఇప్పుడు మానిందిలెండి. ఇప్పుడు తోచనప్పుడల్లా
ఆ గుండుని పళ్లతో కొరుకుతాడు.
ముందుపన్ను అంచు లేచిపోయింది.
వాళ్లమ్మతో వాల్‌నట్ కాయ కొరికానన్నాడు.

డోబ్రావా దుద్దులు సంతలోవి.
వెండే అని ఒట్టేశాడట అమ్మినవాడు.
నికెల్‌కి ఒట్టు లెక్కలేదు.
రెండు తమ్మెలూ రేగి, చెమ్మగిల్లి,
రాత్రంతా గోళ్లతో మాట్లాడుకునేవి.
టైటానియం పెట్టాను. ఊరుకున్నాయి.

బ్రోన్కాది అతిశ్రద్ధ.
రోజుకి ఆరుసార్లు స్పిరిట్టు, పైన ఏదో నూనె,
అతుక్కుపోతుందేమోనని గిర్రున తిప్పడం.
ముక్కుపక్క కందిగింజంత బొడిపె లేచింది.
ఉప్పునీళ్లు చాలు తల్లీ, అన్నాను,
ఆ చేతులకి వేరే పని ఇవ్వు.
మర్నాటినుంచి స్వెట్టరు అల్లుతోంది.
నాక్కూడా ఒకటి వస్తుందేమో.

ఓడ వంటవాడు ఎఫియోంగ్ కలబార్ నుంచి వచ్చాడు.
చెవి పైభాగం కుట్టమని.
మాటల్లో, టీకా మచ్చ మా నాన్నకి ద్రాక్షపండంత ఉండేది,
నాకూ ఇదిగో అని భుజం చూపించాడు.
సూది కింద పెట్టేశాను.
మానడం ఎక్కడ ఆపాలో కొన్ని ఒళ్లకి తెలియదు.
కోపం తెచ్చుకోలేదు. కాఫీ తాగి వెళ్లాడు.

హల్ష్కా కథ వేరు.
పదిహేనేళ్లు. దుకాణంలో నగలమ్మే పిల్ల
తుపాకీలాంటి దానితో టక్కున కొట్టింది,
మెత్తటి తమ్మెలో కాదు, పైన, గట్టిచోట.
అక్కడ నెత్తురు తక్కువ, కాపలా తక్కువ.
మొద్దు మొన ఎముకని చీల్చింది.
వారం తిరక్కుండా ఈతకొలను.
చెవి నిప్పుకణిక. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు.
చివరికి మిగిలింది మడిచి పారేసిన చీటీలాంటి చెవి.

ఏడాది తర్వాత అమ్మమ్మతో వచ్చింది నా దగ్గరికి.
జుట్టు తీసి చూపించలేదు.
రెండో చెవికి, తమ్మెకి, సూదితో, అంది.
ముసలావిడ నన్ను కాదు,
గోడమీది ఉడికించే పెట్టెని చూస్తోంది.

నా ఎడమ కనుబొమ మీద గీతుంది.
ఇరవైమూడేళ్లప్పుడు పైపైన కుట్టించుకున్న రింగు.
అద్దెకట్టని మనిషిని సామానుతో సహా బయటికి నెట్టినట్టు
నా ఒళ్లు ఏడు నెలలపాటు
ఒక్కో వెంట్రుకవాసీ దాన్ని నెట్టేసింది.
గీత చూపించాను.
నేను చేసేది గాయం, చెప్పాను,
రంధ్రం నీ ఒళ్లు చేసుకోవాలి.
ఒప్పుకోకపోతే తిరిగి రా, సిగ్గుపడకు.

ఆ పిల్ల తలూపింది.
పెట్టె ఇంకా చల్లారలేదు.
ముగ్గురం కూర్చుని
అది చల్లారడం వింటున్నాం.